లోకసభలో మన పాలు

లెక్క యెరుగని గృహిణి లోకమున లేదు. నెలకు బియ్యమెంత, పప్పెంత, పాలవానికి ఇయ్యవలసినదెంత, పిల్లల బడి జీతమెంత, పండుగకు మిగులునదెంత యని ప్రొద్దున లేచినది మొదలు పరుండువరకు మన మనస్సు గణించుచునే యుండును. అక్షరము రాని అవ్వ సైతము గోడమీద సున్నముతో గీతలు గీసి నెల తిరుగగానే పాల లెక్క తప్పకుండ అప్పగించును. ఇట్టి మనము దేశమునకంతటికిని పెద్దయిల్లయిన లోకసభ లెక్క వచ్చుసరికి మాత్రము, అది మగవారి సంగతి యని కొంగు దులుపుకొని లేచిపోవుచున్నాము. ఈ యలవాటు మంచిది కాదని మాకు 2024వ సంవత్సరము మే నెల 13వ తేదీన తెలిసివచ్చినది. అదెట్లో చెప్పుటకే యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మా పుట్టినిల్లు పాలమూరు, అనగా మహబూబునగరము జిల్లా. మెట్టినిల్లు నల్లగొండ జిల్లా. మా వారు పాఠశాలలో ఉపాధ్యాయులు. మా చదువు ఇంటి చదువు. తాతగారు తమ ప్రక్కన కూర్చుండబెట్టుకొని భారత భాగవతములు చెప్పిరి. ఇంతటి చదువుతో రాజకీయములు వ్రాయబూనుట సాహసమే యైనను, ఇంటి లెక్క చూచుకొను నేర్పుతో సభ లెక్కయు చూడవచ్చునని మా తలంపు. మేము ఏ పక్షమువారమును కాము.

ఆనాడు పోలింగు. తెల్లవారుజామున ఓటు వేయుటకు బయలుదేరుచుంటిమి. మా అత్తగారికి డెబ్బది యేండ్లు సమీపించినవి. మోకాళ్లు వంగవు, నడుము నిలువదు. ఫ్లోరైడు కలిసిన బావినీరు త్రాగి పెరిగిన నల్లగొండ పల్లెలలో ఇట్టి దేహములు క్రొత్త కావు. వారు గడపలో కూర్చుండి చేతికఱ్ఱ సవరించుకొనుచు, “బిడ్డా, మనం ఓట్లేసి పంపే ఆ సభల ఎంతమంది ఉంటరు? అండ్ల మన ఆడోళ్లెంతమంది?” అని యడిగిరి.

భారతమునందలి పదునెనిమిది పర్వముల పేర్లు వరుస తప్పక చెప్పగల మేము ఈ రెండు సంఖ్యలలో ఒక్కటియు చెప్పలేకపోతిమి. సిగ్గుతో తల వంచుకొని, “ఫలితాలు వచ్చినంక చెప్తా అత్తమ్మా” అంటిమి. జూన్ 4వ తేదీన ఫలితములు వెలువడినవి. పిమ్మట మా వారి చేత పుస్తకములు తెప్పించుకొని, పత్రికలు ముందిడుకొని, మేము కట్టిన లెక్క యిది.

లోకసభకు ప్రజలు ఎన్నుకొను స్థానములు 543. ఇందు షెడ్యూల్డు కులములవారికి 84, షెడ్యూల్డు తెగలవారికి 47 ప్రత్యేకింపబడినవి. పూర్వము ఆంగ్లో ఇండియను సమాజమునుండి ఇరువురిని రాష్ట్రపతి నియమించుచుండెడివారు. ఆ యేర్పాటు 2020లో నిలిచిపోయినది. ఉమ్మడి ఆంధ్రప్రదేశమునకు 42 స్థానములుండెను. 2014లో రాష్ట్రము రెండైనప్పుడు అన్నదమ్ములు పొలము పంచుకొన్నట్లు ఆంధ్రప్రదేశమునకు 25, తెలంగాణమునకు 17 వచ్చినవి. ఈ 17లో మన పాత నల్లగొండ, పాలమూరు జిల్లాల నేల మిక్కిలిగా నాలుగింటిలో చేరును: నల్లగొండ, భువనగిరి, మహబూబునగరము, నాగరుకర్నూలు. ఇందు నాగరుకర్నూలు షెడ్యూల్డు కులములవారికి ప్రత్యేకింపబడిన స్థానము.

సభలో ప్రభుత్వము నిలువవలెనన్న సగముకంటె ఎక్కువమంది, అనగా 272 మంది, అండ కావలెను. 2024 ఎన్నికలలో ఏ యొక్క పక్షమునకును అంత సంఖ్య రాలేదు. భారతీయ జనతా పార్టీకి 240, కాంగ్రెసునకు 99, సమాజవాది పార్టీకి 37, తృణమూల్ కాంగ్రెసునకు 29, ద్రవిడ మున్నేట్ర కళగమునకు 22, తెలుగుదేశమునకు 16, ఐక్య జనతాదళమునకు 12 స్థానములు వచ్చినవి. భారతీయ జనతా పార్టీ తెలుగుదేశము, ఐక్య జనతాదళము మున్నగు మిత్రులను కలుపుకొని 293 మందితో ప్రభుత్వము నేర్పరచినది. ఇంట బియ్యము చాలనప్పుడు పొరుగింట చేబదులు తెచ్చి వంట ముగించుట మనకు తెలియనిది కాదు. చేబదులిచ్చిన పొరుగువారి మాట మనము కాదనలేము గదా! సభలోను అంతే. అందుచేత 16 మంది, 12 మంది గల పక్షముల మాటకును నాడు బలము గలిగెను. తెలంగాణమునకు వచ్చిన 17లో భారతీయ జనతా పార్టీకి 8, కాంగ్రెసునకు 8, మజ్లిసునకు 1 దక్కినవి. పది యేండ్లు రాష్ట్రము నేలిన భారత రాష్ట్ర సమితికి ఒక్కటియు దక్కలేదు.

ఈ సంఖ్యలు ఎన్నడును ఒక్కరీతిగా నుండవు. 1984లో కాంగ్రెసు నాలుగువందల పైచిలుకు స్థానములు గెలిచినప్పుడు, దానికెదుట సభలో అన్నిటికంటె పెద్ద పక్షముగా కూర్చున్నది మన తెలుగుదేశమే. ఒక ప్రాంతీయ పక్షమునకు అట్టి స్థానము దక్కుట అదే మొదలు. భారతీయ జనతా పార్టీకి ఆ యేడు వచ్చినవి రెండే. ఆ రెంటిలో ఒకటి మన హనుమకొండ, అక్కడ గెలిచినవారు చందుపట్ల జంగారెడ్డిగారు, ఓడినవారు పి.వి. నరసింహారావుగారు. నాడు రెండున్న పక్షము 2024 నాటికి 240 అయ్యెను. నాడు నాలుగువందలు దాటిన పక్షము 2014లో 44కు దిగి, 2024లో 99కి లేచెను. ఓడలు బండ్లగుట, బండ్లు ఓడలగుట యన్న సామెత ఈ సభకు తగినట్లు మరి దేనికిని తగదు.

ఒక్క ఓటు ఏమి చేయుననువారికి 1999 ఏప్రిల్ 17వ తేదీ సమాధానము చెప్పును. ఆనాడు సభలో ప్రభుత్వమునకు అనుకూలముగా 269, ప్రతికూలముగా 270 ఓట్లు వచ్చి, ఒక్క ఓటు తేడాతో వాజపేయిగారి ప్రభుత్వము పడిపోయినది. అప్పుడు నల్లగొండ సభ్యులు సురవరము సుధాకరరెడ్డిగారు, మహబూబునగరము సభ్యులు జైపాలురెడ్డిగారు. ఇరువురును ప్రతిపక్షము వారే. మన మెట్టపొలములనుండి పోయిన మనుష్యుల బరువుతో ఢిల్లీలో త్రాసు ఒరగిన దినమది.

ఇక మా మెట్టినింటి కథ. 1952లో మొదటి లోకసభకు ఎన్నికలు జరిగినప్పుడు స్థానములు 489. అందు కాంగ్రెసునకు 364 వచ్చెను. దేశమంతట ఆ గాలి వీచుచుండగా నల్లగొండ మాత్రము ఎదురు నిలిచినది. 1946 మొదలు 1951 వరకు సాగిన తెలంగాణ సాయుధ పోరాటపు వేడి యింకను చల్లారలేదు. కమ్యూనిస్టులు ప్రజాస్వామిక కూటమి పేర పోటీ చేసిరి. భువనగిరి తాలూకా బొల్లేపల్లిలో పుట్టిన రావి నారాయణరెడ్డిగారికి 3,09,162 ఓట్లు వచ్చినవి. ప్రధానమంత్రి నెహ్రూగారికి తమ స్థానమున వచ్చినవి 2,33,571. నాడు కొన్ని స్థానములకు ఇద్దరేసి సభ్యులుండెడివారు, ఓటరునకు రెండేసి ఓట్లుండెడివి. ఈ రెండు స్థానములును అట్టివే. నల్లగొండనుండి రెండవ సభ్యులుగా షెడ్యూల్డు కులములకు చెందిన సుంకము అచ్చాలుగారు ఎన్నికైరి. దేశములో అందరికంటె ఎక్కువ ఓట్లు పొందినది ఒక నల్లగొండ రైతుబిడ్డ యని మా యూరి పెద్దలు నేటికిని మీసము సవరించుకొనుచు చెప్పుదురు.

కాని ఆ యేటి లెక్కలోనే మన స్త్రీల కంట నీరు పెట్టించు సంఖ్య యొకటి కలదు. ఓటర్ల పట్టిక వ్రాయుటకు ఇంటింటికి పోయినప్పుడు ఉత్తరదేశమున ననేక స్త్రీలు తమ పేరు చెప్పక, ‘ఫలానావాని భార్యను, ఫలానావాని తల్లిని’ అని మాత్రమే చెప్పిరి. పేరు లేనిదే పట్టికలో నుంచుట కుదరదని ఎన్నికల ప్రధానాధికారి సుకుమార సేనుగారు నిర్ణయించిరి. దాదాపు 28 లక్షల స్త్రీలు ఆ విధముగా మొదటి ఎన్నికలలో ఓటు కోల్పోయిరి. ఆ నిర్ణయము కఠినమైనను మేలే చేసినది; తరువాతి ఎన్నికలకు స్త్రీలు తమ పేరు తామే చెప్పుట నేర్చిరి. పేరు చెప్పుట నేర్చితిమి సరే, మన ఓటు మనము వేయుట నేర్చితిమా యన్నది వేఱొక ప్రశ్న.

దీనికి మా అత్తగారి కథయే సాక్ష్యము. 1996లో నల్లగొండ లోకసభ స్థానమునకు పోటీ చేసినవారు ఎందఱనుకొన్నారు? 480 మంది! ఫ్లోరైడు నీటితో పండ్లు పసుపెక్కి, ఎముకలు వంకరపోవుచుండగా ఎన్నిమార్లు మొఱపెట్టినను వినువారు లేకపోగా, దుశ్చర్ల సత్యనారాయణగారి జలసాధన సమితి పిలుపుమీద పల్లెజనులు వందలకొలది నామపత్రములు వేసిరి. ఎన్నికను కొన్నాళ్లు వాయిదా వేయవలసివచ్చినది. ఓటు కాగితము కాగితము కాక పుస్తకమయ్యెను. గెలిచినవారు కమ్యూనిస్టు నాయకులు బొమ్మగాని ధర్మభిక్షముగారు. ముగ్గురు తప్ప తక్కినవారందఱును ధరావతు కోల్పోయిరి. అయినను వారి గోడు దేశమంతయు విన్నది.

త్రాగునీటిలో ఫ్లోరైడు లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పును. అది మించిన నీటిని పటిక, సున్నము కలిపి తేర్చు పద్ధతిని నాగపూరు శాస్త్రజ్ఞులు 1970వ దశకమున కనుగొని దానికి ‘నల్లగొండ పద్ధతి’ యని పేరిడిరి. మన జిల్లా పేరు శాస్త్రగ్రంథములకెక్కుట యీ విధముగా! పటిక బిందె అడుగున త్రిప్పినదెవరు? బిందె మోసినదెవరు? స్త్రీలే గదా.

ఆ పుస్తకమువంటి ఓటు చేతికిచ్చిన దినమును గూర్చి అత్తగారినడిగితిమి. “పేజీ తిప్పినకొద్దీ గుర్తులే బిడ్డా. మీ మామ చెప్పిన గుర్తు దొర్కేసరికి నా పానం అలిసిపోయింది. గా నీళ్ల కోసం నిలబడ్డోళ్లు కూడ అండ్లనే ఉన్నరని నాకెవ్వలు చెప్పలే” అనిరి. సోదరీమణులారా, ఈ మాట మా హృదయమున ముల్లువలె నాటినది. ఎవరి నడుము ఆ నీటిచేత వంగినదో ఆమె చేతిలోనే ఆ నీటికొఱకు పుట్టిన పుస్తకముండెను. కాని ఆమె అందు వెదకినది తన మనసులోని గుర్తు గాదు, మగని నోటి గుర్తు. మా మామగారిని తప్పుపట్టుట మా యుద్దేశము కాదు. వారును చదువుకొనినవారు కారు. తమకు తోచినది మంచియని చెప్పిరి. మేము మాత్రము ఏమి చేసితిమి? మా మొదటి ఓటు నాన్నగారు చెప్పిన గుర్తునకు, రెండవది మా వారు చెప్పిన గుర్తునకు వేసితిమి. భారతము చదివిన మాకును, అక్షరము రాని అత్తగారికిని ఈ విషయమున భేదము లేకపోయెను.

ఆ 480 మందికి వచ్చిన ప్రత్యుత్తరమేమి? అదే యేడు చట్టము సవరించి, లోకసభకు పోటీచేయు సామాన్యాభ్యర్థి ధరావతును 500 రూపాయలనుండి 10,000కు పెంచిరి. స్వతంత్రులను ప్రతిపాదించుటకు పదిమంది ఓటర్లు కావలెననిరి. అట్టి పోటీ మఱల రాకుండ వాకిలి ఇఱుకుచేసిరి. నీళ్లు సైతము రాకపోలేదు. కృష్ణానది నీరు కాలువలలోను, 2016లో ఆరంభమైన మిషన్ భగీరథ నీరు కొళాయిలలోను వచ్చినవి. మనుమల పండ్లు తెల్లగా నున్నవి. కాని వంగిన నడుము నిలువదు గదా.

ఇక పక్షముల మాట. నల్లగొండ స్థానము కమ్యూనిస్టులను, కాంగ్రెసును, 1971లో తెలంగాణ ప్రజాసమితిని, 1984లో తెలుగుదేశమును గెలిపించి, 2009నుండి 2024 వరకు నాలుగుమార్లును కాంగ్రెసునే పంపినది. పాలమూరు కాంగ్రెసును, జనతా పార్టీని, జనతాదళమును, 1999లో భారతీయ జనతా పార్టీని పంపినది. 2009లో కె. చంద్రశేఖరరావుగారిని పంపినది, 2014 ఫిబ్రవరి 18వ తేదీన లోకసభలో తెలంగాణ బిల్లు నెగ్గునాటికి వారు మా పుట్టినింటి సభ్యులే. ఇన్ని జెండాలు మారినవి, ఇన్ని గుర్తులు మారినవి. మారనిదొక్కటే: పోయిన ప్రతివారును పురుషులే.

మన ప్రాంతమున సమర్థులైన స్త్రీలు లేకనా? పోరాటమున తుపాకి పట్టిన మల్లు స్వరాజ్యముగారు 1978లోను 1983లోను తుంగతుర్తినుండి శాసనసభకు ఎన్నికైరి. పొరుగున 1957లోనే సంగము లక్ష్మీబాయిగారు వికారాబాదునుండి లోకసభకు పోయి, పిమ్మట మెదకునుండియు ఎన్నికైరి. నల్లగొండ, పాలమూరు మాత్రము తమ ఆడుబిడ్డను ఢిల్లీకి పంపుటకు ఏడు దశాబ్దములు తీసుకొన్నవి.

2024లో మహబూబునగరమునుండి భారతీయ జనతా పార్టీ పక్షమున డి.కె. అరుణగారు గెలిచిరి. ఆమె పక్షము మీకు నచ్చవచ్చును, నచ్చకపోవచ్చును. ఆ గెలుపు లెక్క మాత్రము చూడుడు. ఆమెకును, కాంగ్రెసు అభ్యర్థి వంశీచందురెడ్డిగారికిని ఐదేసి లక్షలకు పైగా ఓట్లు వచ్చినవి. తేడా 4,500 మాత్రమే. ఆ స్థానమున ఏడు శాసనసభా నియోజకవర్గములు కలవు. ఒక్కొక్కదానికి పంచిన 643 ఓట్లు. 2,251 మంది మనసు మార్చుకొన్నచో గెలుపు ఓటములు తారుమారగును. అదే దినమున మా నల్లగొండలో కాంగ్రెసు అభ్యర్థి రఘువీరరెడ్డిగారికి వచ్చిన ఆధిక్యము 5,59,905! రెండు ప్రక్కజిల్లాలలో ఒకచోట సముద్రము, ఒకచోట చెంబెడు నీళ్లు.

ఆనాటి సాయంకాలము మా పుట్టినింటికి ఫోను చేసి మా వదినెను, “ఓటు వేసినవా వదినా?” అని యడిగితిమి. “యాడ వేసిన? పొద్దటి సంది ఓటేసి వచ్చినోళ్లకు అన్నం వండుడే సరిపోయె. నా ఒక్క ఓటుకు ఏమైతది?” అనినది. ఇంటిల్లిపాది ఓటు వేసివచ్చి తిని పడుకొనిరి. వండినయామె ఓటు పొయ్యిలో కాలిపోయినది. ఇట్టి వదినెలు పాలమూరు ఊరూరను ఎందఱుండిరో! ఏ పక్షమునకు వేసియుందురన్నది మాకక్కఱలేదు. వారు లెక్కకు రాలేదన్నదే మా బాధ.

ఇప్పుడు అత్తగారి రెండవ ప్రశ్న. 2024లో లోకసభకు ఎన్నికైన స్త్రీలు 74 మంది. పోటీ చేసిన 8,360 మందిలో స్త్రీలు 800. గెలిచిన 74లో భారతీయ జనతా పార్టీవారు 31, కాంగ్రెసువారు 13, తృణమూల్ కాంగ్రెసువారు 11. సంఖ్య చూచి మోసపోరాదు, పాలు చూడవలెను. 240లో 31 అనగా ఎనిమిదింట ఒకటి. 99లో 13 దాదాపు అంతే. 29లో 11 మాత్రము మూడింట ఒకటి దాటినది. తెలంగాణపు 17లో స్త్రీలు ఇద్దరు: అరుణగారు, వరంగల్లున కడియము కావ్యగారు. ఆంధ్రప్రదేశపు 25లో మువ్వురు. ఓటు వేయుటలోనన్న మనము వెనుకబడలేదు. ఆ యేడు దేశమున స్త్రీలలో నూటికి 65.78 మంది, పురుషులలో 65.55 మంది ఓటు వేసిరి. వంటలో సగము పాలు మనది. విస్తరివద్ద ఏడవ పాలు మనది.

లోకసభలోను శాసనసభలలోను మూడవవంతు స్థానములు స్త్రీలకు ప్రత్యేకింపవలెనని 2023 సెప్టెంబరులో రాజ్యాంగమునకు 106వ సవరణ చేసిరి. లోకసభలో అనుకూలముగా 454, ప్రతికూలముగా 2 ఓట్లు వచ్చినవి. రాజ్యసభలో ఎదురు చెప్పినవారే లేరు. అయితే క్రొత్త జనాభా లెక్కయు, దానిననుసరించి నియోజకవర్గముల పునర్విభజనయు జరిగిన పిదపనే అమలని అందులో షరతు పెట్టిరి. 2024 ఎన్నికలు ఆ పాలు అందకమునుపే జరిగినవి. 543లో మూడవవంతు 181. తెలంగాణపు 17లో ఇంచుమించు ఆరు. పండుగకు చీర పెట్టెదమని మాట యిచ్చి, నేత ముగిసిన పిదప ననిరి. నేత ఎంతవఱకు వచ్చినదని అడుగుచుండుట మన పని.

స్త్రీయైనంతమాత్రమున మంచి సభ్యురాలగునని మేము చెప్పము. భర్తచాటున, తండ్రిచాటున పోయినవారు ఉండవచ్చును; తండ్రిచాటున పోయిన కొడుకులును కలరు గదా! కాని కౌరవసభను తలచుకొనుడు. ద్రౌపది ధర్మమడిగినప్పుడు భీష్మద్రోణులంతటివారు తల వంచుకొనిరి. వికర్ణుడు లేచి మాటాడెను. అందఱును పెద్దలే, అందఱును విద్వాంసులే; కాని ఆమె వంటి కష్టమెరిగినవారు ఆ ఆసనములలో ఒక్కరును లేరు. బిందె మోసిన నడుము నొప్పి బిందె మోయనివారికి చెప్పి ఒప్పించుటకు నల్లగొండలో 480 మంది నిలువవలసివచ్చెను.

కావున సోదరీమణులారా, మేము కోరునది గొప్ప పని కాదు. ఓటర్ల పట్టికలో మీ పేరు, మీ కోడండ్ర పేర్లు సరిగా నున్నవో లేవో చూచుకొనుడు. మీ స్థానమునుండి పోయిన సభ్యుడెవరో, ఏ పక్షమో, సభలో ఆ పక్షపు సంఖ్య యెంతయో పాల లెక్కవలె గుర్తుంచుకొనుడు. ఓటునాడు వంట మగవారికి అప్పగించి ముందుగా పోయి రండు. గుర్తు ఏదనునది ఇంట మాటాడుకొనుడు, వాదించుకొనుడు. పెట్టె యెదుట మాత్రము మీరొక్కరే యని మఱువకుడు.

ఈ లెక్కయంతయు అత్తగారికి చదివి వినిపించితిమి. వారు వ్రేళ్లు మడచి కొంతసేపు గణించి, “అంటే బిడ్డా, ఏడుగురు కూసున్న కాడ ఒక్కతెనా?” అనిరి. ఔనంటిమి. కొంత తడవు మాటాడలేదు. పిమ్మట మెల్లగా, “ఈసారి నేనెవ్వల్ని అడగలే తెలుసా? నాకు తోచిన దానికే ఒత్తిన” అనిరి.

ఏ గుర్తునకని మేమడుగలేదు. వారును చెప్పలేదు.